పొగుడుతూనే వాత

దేవుణ్ణి నిలదీసిన పెదప్రోలు కవి, రాజుగారి కొలువులో ఒక దొరతనాన్ని ఆడి చూపించిన కూచిపూడి, వారం వారం వడగళ్లు కురిపించిన బందరు పత్రిక. కృష్ణ సముద్రంలో కలిసే సీమలో మాట అనడానికీ, మాట పడడానికీ ఒక పద్ధతి ఉంది.

శ్రీకాకుళం అనగానే అందరికీ ఉత్తరాంధ్ర గుర్తొస్తుంది. కృష్ణా జిల్లా వాళ్లకు ఇంకో శ్రీకాకుళం ఉంది. ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున, ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న ఊరు అది. కళింగం మీదికి దండెత్తి వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు అక్కడ ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి కలలో స్వామి కనిపించి తెలుగులో ఒక కావ్యం రాసిపెట్టమన్నాడట. ఈ సంగతి ఆముక్తమాల్యద పీఠికలో రాయలే చెప్పుకున్నాడు. అంత పెద్ద రాజు చేత కావ్యం రాయించుకున్న ఆ దేవుడి ముందుకు దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత ఇంకో కవి వచ్చాడు. ఈయనకు రాజ్యం లేదు, సైన్యం లేదు. రావడం రావడమే తిట్ల దండకం ఎత్తుకున్నాడు.

ఆయన కాసుల పురుషోత్తమ కవి. ఊరు దివిసీమలో మోపిదేవి దగ్గరి పెదప్రోలు. చల్లపల్లి జమీందారుల ఆశ్రయంలో బతికినవాడు. ఆయన రాసిన ఆంధ్రనాయక శతకం పేరుకి భక్తి శతకమే. చదవబోతే మాత్రం వాకిట్లో నిలబడి ఎదురింటాయన బండారం బయటపెడుతున్నట్టు ఉంటుంది. లోకభారమంతా మోసేది భూదేవి, ఆ పేరేమో నీకు. అడిగినవాళ్ల కోరికలు తీర్చేది లక్ష్మి, దాత అన్న కీర్తేమో నీకు. సృష్టి చేసేది కొడుకు బ్రహ్మ, పాపాలు కడిగేది కూతురు గంగ. ఇంటిల్లిపాదీ సంపాదించిన పేరు మీద బతకడమే తప్ప నువ్వు చేసిన ఘనకార్యం ఏమిటని ఒక సీసపద్యంలో అడుగుతాడు. పెళ్లాం బిడ్డల కష్టార్జితం మీద అరుగెక్కి కాలు మీద కాలేసుకుని కూచునే పెద్దమనుషులను చూడని తెలుగు ఊరు ఉంటుందా? వైకుంఠంలోనూ అలాంటివాడు ఒకడు ఉన్నాడంటాడు పురుషోత్తమ కవి.

దీన్ని నిందాస్తుతి అంటారు. అలంకారశాస్త్రంలో వ్యాజస్తుతి. పైకి తిట్టు, లోపల పొగడ్త. అదే అలంకారం తిరగబడితే పైకి పొగడ్త, లోపల వాత. ఈ రెండో రకానికి శాస్త్రం చదవక్కర్లేదు, మన ఇళ్లలో తెల్లారి లేస్తే వినబడేదే. "మా ఆయనంత పనిమంతుడు ఈ జిల్లాలోనే లేడమ్మా" అని ఒక ఇల్లాలు అందంటే ఆ వెనకాల ఏం తోసుకొస్తోందో వీధి వీధంతా గ్రహిస్తుంది.

పురుషోత్తమ కవి శతకానికి ఆ ప్రాంతంలో ఒక కథ అంటిపెట్టుకుని ఉంది. ఆ రోజుల్లో గుడి ఆలనాపాలనా లేక పాడుబడి, ధూపదీప నైవేద్యాలకే దిక్కులేకుండా పోయింది. నీ గుడి గతి ఇలా ఉంటే నువ్వేం దేవుడివయ్యా అన్న ధోరణిలో కవి పద్యాలు చదువుతుంటే, ఆ మాటలు జమీందారు చెవిన పడ్డాయి. తర్వాత గుడి బాగుపడింది, నైవేద్యాలు మళ్లీ మొదలయ్యాయని చెప్పుకుంటారు. ఇందులో చరిత్ర ఎంతో, ముచ్చట ఎంతో విడదీయడం నా పని కాదు. నాకు నచ్చింది ఆ ఏర్పాటు. మాట దేవుడితో, దెబ్బ జమీందారుకి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం వేరు, దుత్తను ఎదురుగా పెట్టుకుని అత్తకు వినబడేలా చెప్పడం వేరు. కవి చేసింది రెండోది. తిండి పెట్టే దొరను ముఖాన అంటే ఆశ్రయం పోతుంది, చాటున అంటే ఎవరికీ లాభం లేదు. అందుకని ఇద్దరికీ మధ్య దేవుణ్ణి కూచోబెట్టాడు. రాతివిగ్రహం గనుక ఆయన నొచ్చుకోలేదు, దొర మాత్రం విన్నాడు.

కొలువులో గురవరాజు

శ్రీకాకుళం నుంచి కూచిపూడి ఎంతో దూరం కాదు. మొవ్వ మండలంలోని ఈ ఊరి పేరు ఇవాళ ప్రపంచమంతా నాట్యంగానే వింటోంది. కాని ఆ ఊరి వాళ్ల గురించి చరిత్రలో దొరికే తొలి ప్రస్తావనల్లో ఒకటి సిసలైన విమర్శ కథ. కడప జిల్లాకు చెందిన మాచుపల్లి కైఫీయతులో, అంటే ఆ ఊరి చరిత్ర రాతల్లో, అది ఉంది.

16వ శతాబ్దం మొదటి ఏళ్లు. విజయనగరంలో వీరనరసింహరాయలు ఏలుతున్నాడు. సిద్ధవటం సీమ సమ్మెట గురవరాజు చేతిలో ఉంది. పన్నులు కట్టలేని వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లను అతని మనుషులు చిత్రహింసలు పెట్టేవారు. ఆ దారిన పోతున్న కూచిపూడి భాగవతుల మేళం ఆ ఘోరాన్ని చూసింది. తర్వాత విజయనగరం వెళ్లి రాజు ముందు ప్రదర్శన ఇచ్చినప్పుడు, రాముడి కథో కృష్ణుడి కథో ఆడకుండా, ఒకరు గురవరాజు వేషం కట్టారు, ఒకరు అతని సేవకుడు, ఇంకొకరు హింసపడే స్త్రీ. చూసిన రాజు ఇదేమిటని ఆరా తీశాడు. సంగతి తెలిసి సైన్యాన్ని పంపాడు. గురవరాజు పట్టుబడ్డాడు, మరణశిక్ష పడింది.

ఆ మేళంలోని మనిషి మనసులో ఆ సాయంత్రం ఏముండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. వాళ్లు చేసింది ఫిర్యాదు. అర్జీ రాసి దివాణంలో ఇచ్చి ఉంటే ఏ ఉద్యోగి చేతిలోనో ఆగిపోయేది. వేషం కట్టి ఆడితే మాత్రం ఆపడానికి మధ్యలో ఎవరూ లేరు. అయితే రాజుకి కోపం వస్తే తలలు పోయేది ఆడినవాళ్లవే.

పెద్ద కొలువులు పోయాక ఈ వేషం వీధిలోకి వచ్చింది. కూచిపూడి వాళ్లు ప్రదర్శించిన పగటివేషాల్లో సోమయాజులు-సోమిదేవమ్మ వేషం ఒకటి. ఆచారం పేరుతో సాగే ఆర్భాటాన్ని ఆట పట్టించే వేషం అది. కట్టేవాళ్లు బ్రాహ్మణులు, ఆట పట్టించేదీ బ్రాహ్మణులనే. భాగవతుల రామయ్య రాసిన గొల్లకలాపమూ అంతే. చల్లలమ్మే గొల్లభామ ఒక బ్రాహ్మణుణ్ణి నిలబెట్టి పుట్టుక గురించీ యజ్ఞం గురించీ ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంది. రాసినవాడూ ఆడినవాళ్లూ ఆ కులంవాళ్లే. తమ ఇంటి కప్పు తామే విప్పి చూపించిన ఈ ధైర్యం నన్నడిగితే గురవరాజు కథ కన్నా ఒక మెట్టు ఎక్కువే. పైవాణ్ణి అనడానికి తెగువ చాలు. సొంత వీధిని అని, రేపు అదే వీధిలో తిరగాలంటే ఇంకేదో కావాలి.

కళ్లం, కాలవ గట్టు, చాకిరేవు

ఇంగ్లీషు వార్తలను తెలుగు చేసే బల్లల దగ్గర ఒక పొట్టి మాట తరచుగా తగులుతుంటుంది. ఫలానా మంత్రి నిర్ణయానికి 'ఫ్లాక్' వచ్చిందని. మాట మామూలుగా మాట్లాడుకునేదే, అర్థం ఘాటైన విమర్శ. పుట్టుక మాత్రం యుద్ధంలో. విమానాలను కూల్చే ఫిరంగికి జర్మన్లు పెట్టిన పొడుగాటి పేరును ముక్కలు చేసి అతికిస్తే వచ్చిన పొట్టి పేరు అది. రెండో ప్రపంచయుద్ధంలో ఆ గుళ్ల మధ్య ఎగిరిన పైలట్ల నోట ఇంగ్లీషులోకి వచ్చి, తర్వాత్తర్వాత పత్రికలవాళ్ల నోట విమర్శ అయింది. ఇప్పుడు కుర్రకారు ఇంకో రెండు మాటలు తెచ్చుకున్నారు, రోస్టూ ట్రోలూ. గుడివాడ కాలేజీ కుర్రాడైనా, అవనిగడ్డ కుర్రాడైనా "నిన్న వాణ్ణి రోస్ట్ చేసి పడేశారు మామా" అంటాడు. వేపుడు సంగతి తెలుగువాడికి ఒకరు నేర్పాలా అని నవ్వొస్తుంది గాని, మాటలు వస్తాయి, పోతాయి. బందరు రేవులో డచ్చివాళ్ల మాటలూ ఇంగ్లీషు మాటలూ దిగినప్పుడు ఎవరు ఆపారు?

మన సొంత సరుకు మాత్రం ఎక్కడిదో చూడండి. తూర్పారబట్టాడు, చెరిగేశాడు, ఏకిపారేశాడు, దులిపేశాడు, ఉతికి ఆరేశాడు, ఎండగట్టాడు, తలంటాడు, గడ్డి పెట్టాడు, చురక అంటించాడు, అక్షింతలు వేశాడు. ఒక్కటైనా యుద్ధభూమి నుంచి వచ్చిందా? అన్నీ పొలం పనులు, ఇంటి పనులు.

తూర్పారబట్టడం చూసినవాళ్లు ఇప్పుడు తగ్గిపోతున్నారు. కోత మిషను పొలంలోకి దిగి, వడ్లు నేరుగా ట్రాక్టరు తొట్టిలో పోసేస్తోంది. వెనక కుప్ప నూర్చాక కళ్లంలో వడ్లు, తాలు, పొట్టు, గడ్డినలుసులు అన్నీ కలిసి ఒక రాశిగా ఉండేవి. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని, మనిషి ఎత్తున నిలబడి, చేటెడు తల మీదికెత్తి, చేట అంచును సన్నగా ఆడిస్తూ వదిలేవాడు. గట్టి గింజ తిన్నగా కాళ్ల దగ్గర పడేది. తాలు కాస్త అవతల పడేది. పొట్టు గాలిలో ఎటో పోయి ఒంటి మీదా కళ్లలోనూ పడి దురదపెట్టేది. గాలి లేకపోతే పని ఆగిపోవాల్సిందే, ఎంత తొందరున్నా. రాత్రిపూట గాలి లేస్తే నిద్ర మానుకుని లేచేవాళ్లు. పత్రికలో "ప్రభుత్వాన్ని తూర్పారబట్టిన ప్రతిపక్షం" అన్న శీర్షిక చూసినప్పుడల్లా, ఆ ప్రసంగంలో గింజ ఎంత రాలిందా అని వెతుక్కోవడం నాకు అలవాటైపోయింది. పొట్టు మాత్రం బాగానే ఎగురుతోంది.

ఉతికి ఆరేయడం చూడాలంటే పెడన వెళ్లొచ్చు. బందరుకు ఆనుకుని ఉన్న ఊరు, అద్దకం కలంకారీకి పేరు. గుడ్డను ముందు ఉతికి గంజి పోగొడతారు. కరక్కాయ రసంలో, పాలలో తడిపి ఆరబెడతారు. చెక్క అచ్చులతో అద్దుతారు, రంగునీళ్లలో ఉడికిస్తారు. ఆ మధ్య మధ్యలో పారే నీళ్లలో జాడించడం, ఎండలో పరవడం. నిలబడని రంగు ఏదైనా ఉంటే ఆ నీళ్లలోనే బయటపడిపోతుంది. ఉతుకు తిన్నాకే పెడన గుడ్డకు విలువ. మనిషిని "ఉతికి ఆరేశాడు" అనేటప్పుడు ఈ సగం మనకు గుర్తుండదు. ఉతికేవాడి చెయ్యి మాత్రమే గుర్తుంటుంది.

పొలం మాట ఎన్నికల మైకులోకీ ఎక్కింది. నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావు రాజకీయాల్లోకి వచ్చి 1983లో గుడివాడ నుంచి గెలిచారు. కాంగ్రెస్ నాయకులను కుక్కమూతి పిందెలు అన్న ఆయన మాట ఊరూరా పాకింది. గ్రాంథికం దంచే హీరో నోట పాదు కింద రాలిపోయే గిడసబారిన పిందె మాట వినేసరికి రైతులు విరగబడి నవ్వారు. ఎవరికీ అర్థం చెప్పాల్సిన పనిలేకపోయింది, తెగులు సోకిన పాదు చూడని వాడెవడు?

మీసాల సవాలు

బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితుడిగా చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి పాఠం చెప్పారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లలో విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు ఉన్నారంటే ఆ తరగతి గది ఎలాంటిదో తెలుస్తుంది. జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో పోయాక కూడా ఆయన ఇద్దరి పేరుతోనే రాస్తూ వచ్చారు.

తిరుపతి వేంకట కవులుగా పేరుపడిన ఈ ఇద్దరూ మీసాలు పెంచారు. పండితులకు మీసాలేమిటని జనం అంటే, సంస్కృతంలోనూ తెలుగులోనూ మమ్మల్ని గెలిచినవాడు కనబడితే తీసేస్తామని పద్యంలోనే జవాబిచ్చారు. ఇక కయ్యాలకు కొదవేముంది? కొప్పరపు సోదరకవులతో తగాదా గుంటూరు సీమనంతటినీ రెండు వర్గాలు చేసింది. పిఠాపురం ఆస్థానంలోని వేంకట రామకృష్ణ కవులతో మరో తగాదా. వీళ్లు గీరతం అని పుస్తకం వేస్తే, వాళ్లు శతఘ్ని అని వేశారు. శతఘ్ని అంటే ఫిరంగి. ఇంగ్లీషువాడు విమర్శకు ఫిరంగి పేరు పెట్టుకోవడానికి ఎన్నో ఏళ్ల ముందే మన పండితులు ఆ పని చేసేశారు. మన మాటలన్నీ పొలం నుంచే వచ్చాయని ఇందాక నేనన్నదానికి ఈ పండితులు అడ్డం తిరిగినట్టే. పద్యాలు రాసేవాళ్లకు కళ్లం కన్నా కురుక్షేత్రం దగ్గర మరి.

ఆ తగాదాల్లో అన్నీ గొప్పగా ఉన్నాయని అనలేను. ఒక్క దీర్ఘం గురించి, ఒక్క యతి గురించి పుస్తకాలు పుస్తకాలు అచ్చేసుకున్నారు. వ్యక్తిగత దూషణలోకి దిగిన చోట్లూ లేకపోలేదు. కాని రెండు సంగతులు ఒప్పుకోవాలి. ఎవరూ పేరు దాచుకోలేదు. తిట్టాలన్నా ఛందస్సు తప్పకూడదు, తప్పితే ఆ తిట్టు తిట్టినవాడికే చుట్టుకుంటుంది. కాలం గడిచాక వెంకటశాస్త్రి కథలు-గాథలు వ్యాసాల్లో ఆ సంగతులన్నీ నెమరేసుకుంటూ, కొన్నిచోట్ల అప్పటి వేడి తగ్గకుండానే రాశారు. చదువుతుంటే ఈ ముసలాయన ఇప్పుడు కూడా సభకు లేచేలా ఉన్నాడే అనిపిస్తుంది.

శిష్యుడు విశ్వనాథ ఇంకో చిత్రం చేశారు. గురువుగారి వైభవం నన్నయకూ తిక్కనకూ కూడా దక్కలేదని రామాయణ కల్పవృక్షంలో పొగిడారు. ఎందుకు దక్కలేదంటే, వాళ్లకు తనలాంటి శిష్యుడు లేడు కనుక. గురుస్తుతి అన్న పేరుతో ఆత్మస్తుతి. పురుషోత్తమ కవి బతికి ఉంటే దీనికి ఏ అలంకారం పేరు పెట్టేవాడో.

పద్యసభల్లో ఎగతాళికి పద్ధతి ప్రకారమే చోటు ఉంది. అవధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఒక అంశం ఉంది. అవధాని సమస్యలతో, దత్తపదులతో, నిషిద్ధాక్షరితో సతమతమవుతుంటే ఒకాయన పక్కనే కూచుని సంబంధం లేని ప్రశ్నలు వేసి ఏకాగ్రత చెడగొట్టడానికి చూస్తాడు. వెటకారం ఆడతాడు, కవ్విస్తాడు. అవధాని కోప్పడితే ఓడినట్టు, మౌనంగా ఊరుకున్నా ఓడినట్టే. నవ్వుతూ అంతకు మించిన చమత్కారం తిప్పికొట్టాలి. ఎగతాళి చేసేవాడికి వేదిక మీద ఆసనం వేసి, శాలువా కప్పి, అతని పని అతన్ని చేసుకోనిచ్చే సభ ఇది. ఊళ్లో పద్యం రాని వాళ్లు కూడా అవధానానికి వెళ్లేది చాలావరకు ఈ అంశం కోసమే.

దర్బారు, వడగళ్లు

కృష్ణాపత్రిక 1902లో బందరులో పుట్టింది. కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు మొదలుపెట్టారు. దివి తాలూకా ముట్నూరులో పుట్టిన ముట్నూరి కృష్ణారావు 1907లో సంపాదకత్వం తీసుకుని 1945లో కన్నుమూసే దాకా నడిపారు. సాయంత్రం పూట ఆయన చుట్టూ చేరే గోష్ఠిని దర్బారు అనేవారు. కవులు, వకీళ్లు, గాయకులు, ఊళ్లోకి వచ్చిన వాళ్లు ఎవరైనా అక్కడికి వెళ్లాల్సిందే. ఆ బందరులోనే భోగరాజు పట్టాభి సీతారామయ్య వైద్యం చేసి, 1919లో జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రిక మొదలుపెట్టి, 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఇంతమంది మాటకారులు ఒక్క ఊళ్లో ఉంటే ఒకరి మాటకు ఒకరు తలవంచడం ఎలా కుదురుతుంది?

అప్పట్లో రాజును అనడం ప్రమాదకరం. 1908లో పక్కనే బెజవాడలో స్వరాజ్య పత్రికలో రాసిన సంపాదకీయానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకెళ్లారు. ముట్నూరి దారి వేరు. ఆయన సంపాదకీయం ధ్యానంలో మొదలై, ఉపనిషత్తుల మీదుగా నడిచి, చివరికి దొరగారి మెడ దగ్గర తేలేది. ఆ వాక్యాలు ఇవాళ చదివితే కాస్త బరువుగానే ఉంటాయి, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవాలి. అయినా కేసు పెట్టడానికి దొరకని చోట దెబ్బ కొట్టడం ఆయనకు తెలుసు. సమీక్ష, లోవెలుగులు అన్న పేర్లతో ఆ రచనలు పుస్తకాలుగా వచ్చాయి.

పెద్దాయన అంత గంభీరంగా ఉంటే, అదే పత్రికలో రావూరు వెంకట సత్యనారాయణరావు వడగళ్లు అన్న శీర్షిక రాశారు. చిన్న చిన్న ముక్కలు. ఊళ్లో సంగతి, దేశంలో సంగతి, నాయకుల మాటలు, అన్నిటి మీదా చిటుక్కున ఒక దెబ్బ. దెబ్బ తిన్నవాడు తలెత్తి చూసేసరికి వడగల్లు కరిగి నీళ్లయిపోయి ఉంటుంది. తర్వాత ఆయన ఆంధ్రప్రభలో ఆషామాషీ రాశారు. మన పత్రికల్లో ఆ తర్వాత వచ్చిన వ్యంగ్య శీర్షికలన్నిటికీ ఈ వడగళ్ల తడి అంతో ఇంతో తగిలే ఉంటుందని నా నమ్మకం.

ఈ సీమలో అందరూ నవ్వుతూ అనలేదు. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి నవ్వించడానికి రాయలేదు. పురాణాలను విమర్శించడానికి పురాణం రూపాన్నే ఎత్తుకుని, సూతపురాణం అని పద్యాల్లో రాశారు. శంబుకవధ, ఖూనీ నాటకాలతో ఊళ్లు అట్టుడికాయి. సంస్కృత మంత్రాలు పక్కనపెట్టి తెలుగులో పెళ్లి జరిపించే పద్ధతి రాసిపెట్టారు. ఆయనకు ఎదురుగా ఈ జిల్లాలోనే నందమూరులో పుట్టిన విశ్వనాథ, సనాతనధర్మానికి కొమ్ము కాస్తూ. ఇద్దరూ బందరు గాలి పీల్చినవాళ్లే. ఇద్దరూ పద్యంలో పోట్లాడారు. ఎవరి పక్షాన ఉన్నా సరే, ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివిన పాఠకులు మా చిన్నతనం దాకా పల్లెటూళ్లలో ఉండేవారు. పొలానికి నీళ్లు పెట్టి వచ్చి అరుగు మీద కల్పవృక్షం గురించి కొట్లాడుకునే రైతులు ఉండేవారంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

వియ్యపురాలికి పాట, ఇంజనీరుకి దండం

ఇంతసేపూ మగవాళ్ల కథే చెప్పాను. ఆడవాళ్లకు అచ్చు దొరకలేదు, పెళ్లి దొరికింది. వియ్యాలవారి పాటలు ఇంకా పాడే ఇళ్లున్నాయి. బంతిలో వియ్యపురాలు కూచోగానే ఇటువైపు ముత్తయిదువలు అందుకుంటారు. ఆవిడ నడక, ఆవిడ నగలు, ఆవిడ తిండి, తెచ్చిన చీరలు, తేని లాంఛనాలు, దేన్నీ వదలరు. మామూలు రోజున ఆ మాటల్లో ఒక్కటి అన్నా రెండిళ్లకూ రాకపోకలు తెగిపోతాయి. పాటలో పెట్టి అంటే వియ్యపురాలు నవ్వాలి. పైగా తన వైపు వాళ్లను ఉసిగొల్పి తిరుగుపాట పాడించాలి. కట్నం మీద కడుపులో రగిలేదంతా ఆ పాటలో పోసి, చివర వదినగారూ ఇంకో గరిటె పాయసం అంటూ వడ్డిస్తారు. ఇప్పుడు డీజే పెట్టాక ఎవరి పాటా ఎవరికీ వినబడడం లేదు. ఆ మాటలు అక్కడ పాడుకోలేక, ఇంటికెళ్లాక ఫోన్లలో చెప్పుకుంటున్నారు. ఇది వియ్యాలవారికి మంచిదో చెడ్డదో అనుభవించినవాళ్లే చెప్పాలి.

దివిసీమలో నిందాస్తుతి ఇంకా బతికే ఉంది, కాలవ గట్ల మీద. ఇది ఆయకట్టు చిట్టచివర. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు పైవాళ్లందరూ తడుపుకున్నాక, పులిగడ్డ అక్విడక్టు దాటి, నాగాయలంక, కోడూరు వైపు చేరేసరికి సన్నబడిపోతాయి. ఇంకా ఆలస్యమైతే సముద్రపు ఉప్పు పైకి తన్నుకొస్తుంది. నారు ముదిరిపోతుంటే రైతులు ఆఫీసుకు వెళ్తారు, లేదా అధికారి గట్టు మీదికి వస్తాడు. అక్కడ జరిగే మాటల తీరు దాదాపు ఇలా ఉంటుంది:

"దండాలండీ. మీ దయ వల్ల ఈ ఏడు మాకు చాలా సుఖంగా ఉందండి."

"ఏమైందయ్యా?"

"ఏముందండీ, పొలంలోకి దిగితే కాలికి బురద అంటుకునేది, ఇంటిదానితో చీవాట్లు పడేవి. ఈసారి మీ చలవ వల్ల చెప్పులేసుకునే తిరుగుతున్నామండి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వకుండా కండువా అడ్డం పెట్టుకుంటారు. అధికారికి ఏమనాలో తోచదు. తిట్టి ఉంటే కోప్పడే వీలుంది, కేసు పెట్టే వీలూ ఉంది. దండం పెట్టినవాణ్ణి ఏం చేస్తాడు? అనుభవం ఉన్న అధికారి అయితే తానూ అదే బాటలో దిగుతాడు. "బాబాయ్, చెప్పులు మంచివేనా? ఇంకో నాలుగు రోజులు అరగకుండా చూసుకో. ఆ తర్వాత విప్పాల్సి వస్తుంది" అంటాడు. ఆ నాలుగు రోజులన్న మాట పట్టుకుని రైతులు లేస్తారు. అయిదో రోజు నీళ్లు రాకపోతే మళ్లీ వస్తారు. ఈసారి చెప్పులు చేత్తో పట్టుకుని వస్తారు. అది స్తుతో నిందో అప్పుడు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎన్నికల మైకుల్లో ఇప్పుడు వినబడేది ఈ రకం కాదు. అది ఉత్త బూతు. దానికి చప్పట్లు కొట్టేవాళ్లు ఉన్నారు కనుకే అది సాగుతోంది. బూతు తిట్టడానికి ఎదుటివాడి గురించి ఏమీ తెలియనక్కర్లేదు. కాలవ గట్టు మీది రైతుకు మాత్రం నీళ్లు ఏ రోజు వదిలారో, ఏ లాకు దగ్గర ఆగాయో, ఎన్ని ఎకరాల నారు ముదిరిందో అన్నీ తెలుసు. పురుషోత్తమ కవికి విష్ణువు కుటుంబం సంగతులన్నీ తెలిసినట్టు.

ఫోన్లలో నడిచే రోస్టులో కూడా మంచి సరుకు లేకపోలేదు. ఈ జిల్లా యాసలో, ఇంట్లో కూచుని ముప్పై సెకన్లలో ఒక పెద్దమనిషి గాలి తీసేసే పిల్లలు ఉన్నారు. కొన్ని చూసి నేను పగలబడి నవ్వాను. వాళ్లలో కొందరికి నిన్న మొన్నటి దాకా తాతల దగ్గర విన్న సామెతలు ఇప్పుడు పనికొస్తున్నాయి. కాకపోతే కింద వరసగా వచ్చిపడే వ్యాఖ్యల్లో పేరున్నవాడు తక్కువ, ఊరున్నవాడు ఇంకా తక్కువ. ఎదుటివాడు జవాబు చెబుదామనుకుంటే ఎవరికి చెప్పాలి? తిరుపతి వేంకట కవులు ఈ కాలంలో ఉండి ఉంటే ముందు ఆ పేరులేని వాణ్ణి సభకు రమ్మని కబురు పెట్టి ఉండేవారు. వచ్చాక మీసం సంగతి.